మొండేటిగట్టు చరిత్రంతా జూలై ఒకటినే

మొండేటిగట్టు పురపాలక సంఘం ఆఫీసు ఏనాడూ చరిత్ర జోలికి పోలేదు. కుళాయిలు, మురుగు కాలవలు, ఊరకుక్కలు, ఈ మూడింటితోనే ఆ ఆఫీసుకి పొద్దు చాలేది కాదు. అలాంటిది మొన్న ఉగాది వెళ్ళిన వారానికి చరిత్రే వెతుక్కుంటూ వచ్చి వాళ్ళ నెత్తిన కూచుంది. జీవో రూపంలో వచ్చింది కాబట్టి దింపడానికి వీల్లేకపోయింది.

ఆ జీవో ఎలా పుట్టిందో ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. రాజధానిలో ఒక పెద్ద అధికారిగారికి పుట్టినరోజు వచ్చింది. ఆయన ఫోను ఆయనకి శుభాకాంక్షలు చెప్పి ఊరుకోకుండా, అదే తారీకున ఒక చక్రవర్తి, ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఒక సర్కసు యజమాని పుట్టారనీ, ఎక్కడో రెండు రాజ్యాలు సంధి చేసుకున్నాయనీ చెప్పింది. పెద్దాయన పొంగిపోయాడు. తన పుట్టుక వెనక ఇంత ఏర్పాటు జరిగిందని అంతవరకూ ఆయనకి తెలియదు. అంత ఆనందం ఒక్కడే అనుభవించడం న్యాయం కాదనుకుని 'దినవిశేష మండలి' అని ఒకటి పెట్టించాడు. మండలి పెట్టాక అది ఊరికే కూచోదు కదా, జీవో ఇచ్చింది.

"ప్రతి పురపాలక సంఘము ప్రతి పనిదినమున, ఆ తేదీన జరిగిన ఒక ముఖ్య సంఘటనను, జన్మించిన ఒక వ్యక్తిని సిబ్బంది సమక్షమున స్మరించిన పిమ్మట మాత్రమే విధులు ప్రారంభింపవలెను. స్మరణ జరగని దినమున విధులు ప్రారంభమైనట్లు గాని, సిబ్బంది హాజరైనట్లు గాని పరిగణింపబడదు."

మొదటి నెల సుఖంగానే గడిచింది. పోటీ పరీక్షల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, శానిటరీ ఇన్‌స్పెక్టరు జాన్‌పాల్ పొద్దున్నే అందులోంచి ఒక ముక్క చదివేవాడు. ఫలానా దేశంలో గొడుగు కనిపెట్టారని చదివితే సిబ్బంది గొడుక్కి చప్పట్లు కొట్టేవాళ్ళు. కిటికీ దగ్గర వరసలో నుంచున్న జనం కూడా, చప్పట్లు కొడితే పని తొందరగా అవుతుందేమోనని కొట్టేవాళ్ళు.

రెండో నెలలో రెండో జీవో వచ్చింది. దిగుమతి చేసుకున్న చరిత్ర చెల్లదట. ఏ ఊరు ఆ ఊరి సంఘటనలే, ఆ ఊరి పుట్టుకలే స్మరించుకోవాలట. మూడువందల అరవై అయిదు గళ్ళున్న రిజిస్టరు ఒకటి దాంతోపాటు పంపారు. ఫిబ్రవరి ఇరవైతొమ్మిదికి వెనక అట్ట మీద జాగా ఇచ్చారు. గళ్ళు ఖాళీగా ఉన్న ఊళ్ళను 'చరిత్రపరంగా వెనుకబడిన పట్టణములు'గా ప్రకటిస్తామని చివర్లో ఒక బెదిరింపు.

ఆ రిజిస్టరు తిన్నగా వచ్చి రికార్డు అసిస్టెంటు దంగేటి వరదరాజు బల్ల మీద పడింది. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో అతని బల్ల మీద పడనిదంటూ లేదు. అతనొక మెతక మనిషి. ఎవరైనా కేకలేస్తే వాళ్ళ గొంతు నొప్పెడుతుందేమోనని మంచినీళ్ళు తెచ్చిస్తాడు.

ఊరి చరిత్ర కాగితాల మీద లేదు. పంతొమ్మిదివందల అరవై అయిదులో మొండేరు గట్టు తెగి ఊరు మునిగినప్పుడు, అప్పటి పంచాయితీ కాగితాలన్నీ ఏట్లో కలిసిపోయాయి. ఆ వరద తారీకూ ఎక్కడా లేదు. ఆ నెలంతా సరిహద్దులో యుద్ధం వచ్చేలా ఉండడంతో, మొండేటిగట్టు మునగడానికి పేపరువాళ్ళ దగ్గర జాగా లేకపోయింది. అందుకని వరదరాజు రిజిస్టరు చంకన పెట్టుకుని ముసలివాళ్ళ గుమ్మాలు పట్టుకు తిరిగాడు.

టీకొట్టు బుల్లెబ్బాయిగారికి ఎనభై ఏళ్ళు. "తాతగారూ, మనూరికి మొదటి బస్సెప్పుడొచ్చిందండీ?" అని అడిగాడు.

"మా రెండోవాడు పుట్టిన రోజున వచ్చిందయ్యా. మంత్రసాని ఆ బస్సులోంచే దిగింది."

"ఏ తారీకండీ?"

"అది నాకేం తెలుస్తాది? ఆడి ఆధార్ కార్డులో ఉంటాది, చూసుకో."

కార్డులో జూలై ఒకటి అని ఉంది.

కరెంటు దీపాలు ఎప్పుడు వచ్చాయంటే పోస్టుమాన్ పెళ్ళాం పుట్టిన పూట. సినిమా హాలు తెరిచింది ఎప్పుడంటే కంసాలి వీరాచారి పుట్టిన నాడు, అది తగలబడింది ఎప్పుడంటే అతని తమ్ముడు పుట్టిన నాడు. మొండేటిగట్టు వాళ్ళు చరిత్రని పిల్లల పుట్టుకలతోనే గుర్తుపెట్టుకున్నారు. ఎవరి కార్డు తిరగేసినా జూలై ఒకటే.

ఇందులో మాయేమీ లేదు. ఊరి బడిలో రామభద్రం మాస్టారని ముప్ఫయ్యొక్క ఏళ్ళు హెడ్మాస్టరు చేసి కాలం చేశారు. బళ్ళో వెయ్యడానికి తెచ్చిన పిల్లాడి తారీకు అడిగితే తల్లులు "గేదె ఈనిందండి ఆవేళ" అనేవాళ్ళు. గేదె తారీకు ఎవడికి తెలుసు? పిల్లాడి కుడిచేత్తో నెత్తి మీంచి ఎడమ చెవి పట్టుకోమని, అందితే అయిదేళ్ళు నిండాయని తేల్చి, మాస్టారు జూలై ఒకటి అని వేసేవారు. బడి లెక్కకి ఆ తారీకైతే ఏ గొడవా ఉండదు. మొండేటిగట్టు పిల్లలు ఏడాది పొడుగునా పుట్టేవాళ్ళు, జూలై ఒకటిన నమోదయ్యేవాళ్ళు. ఇది ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. తెలియనిదల్లా దినవిశేష మండలికే.

మండలి తరఫున ప్రత్యేకాధికారిణి దిగింది. పేరు డాక్టర్ నీలకంఠేశ్వరి. ఆమె డాక్టరేటు చేపల పెంపకంలో. చరిత్రకి మారి ఆరు నెలలే అయినా చేపల మీద ఉన్న పట్టుదల అలాగే ఉంది. రిజిస్టరు తిరగేసి, మూడువందల అరవై నాలుగు గళ్ళు ఖాళీగా, ఒక్క గడి అదనపు కాగితాలు అంటించినా చాలకుండా ఉండడం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మీరు దీన్ని లోపంగా చూస్తున్నారు, వరదరాజుగారూ. ఇది విశిష్టత. రాష్ట్రంలో ఏ పట్టణమూ తన చరిత్రను ఇంత సంక్షిప్తంగా నిర్వహించుకోలేదు."

"అది కాదండి, ఆ తారీకులు మా మాస్టారు..."

"మాస్టారు వేసినా మహారాజు వేసినా అది ప్రభుత్వ రికార్డు. నేడు నేను ఒక సూత్రం ప్రతిపాదిస్తున్నాను, రాసుకోండి. తేదీ లేని సంఘటనకు, ఆనాడు జన్మించిన వ్యక్తి తేదీయే తేదీగా నిర్ధారింపబడును."

కమిషనరు త్రివిక్రమరావుగారు "అద్భుతం మేడమ్" అన్నారు. ఏ ఆఫీసరు ఏమన్నా ఆయన ముందు ఆ మాట అనేసి, తర్వాత ఆలోచించుకుంటారు.

సూత్రం పుట్టాక పని జోరందుకుంది. ఆసుపత్రి, ఐసు ఫ్యాక్టరీ, మొదటి టెలిఫోను, కోతులు కరిచి సర్పంచి పారిపోవడం, అన్నీ జూలై ఒకటికి చేరాయి. జంగం సాంబయ్య తాను శివరాత్రి జాగారం నాడు పుట్టానని చెప్పేసరికి శివరాత్రి కూడా జూలైకి వచ్చింది. కమిషనరుగారు కాస్త తటపటాయించారు. "పండుగలు దేవాదాయ శాఖ పరిధి. ఆ శివరాత్రిని అక్కడే ఉండనిచ్చి, ఇక్కడ కూడా జరిగినట్లు రాయండి," అని అధికారిణి దారి చూపించింది.

ఇక ఊళ్ళో ఎనిమిదివందల పన్నెండు మంది ఒకే తారీకున పుట్టడం మండలికి పరిశోధనాంశమైపోయింది. దానికి తొమ్మిది నెలల ముందు, అక్టోబరు ఒకటో తారీకున, ఏటేటా ఊళ్ళో ఏం జరిగేదో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఇంటింటికీ వెళ్ళి ముసలి దంపతులను విడివిడిగా కూచోబెట్టి ప్రశ్నించింది. మొదట్లో ఆడవాళ్ళు సిగ్గుపడ్డారు, తర్వాత చీపుళ్ళు తీశారు. మర్నాడు గాంధీ జయంతి సెలవు కావడమే ముఖ్య కారణమని ఉపసంఘం నివేదిక ఇచ్చింది.

ఇంతవరకూ వరదరాజు కూడా లోపల్లోపల నవ్వుకుంటూనే రాసుకుపోయాడు. నవ్వు ఆగిపోయింది శిలాఫలకం మాట వచ్చినప్పుడు.

మొండేటిగట్టును 'ఏకదిన చారిత్రక పట్టణం'గా ప్రకటిస్తారట. జూలై ఒకటిన పెద్ద ఉత్సవం. ఆ రోజు జరిగినవన్నీ చెక్కిన నల్లరాయి ఒకటి ఆఫీసు ముందు నిలబెడతారు. అరవై అయిదు వరదలో పోయిన ఇరవై ఏడు మంది పేర్లూ దాని మీద ఉంటాయి.

ఆ ఇరవై ఏడు మందిలో వరదరాజు తండ్రి ఒకడు. దంగేటి గోవిందు లాకు దగ్గర లస్కరు, కాలవ తలుపులు ఎత్తి దించే పని. గట్టు తెగుతోందని తెలిసి ఇసక బస్తాలతో వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. శవం దొరకలేదు. ఆ సాయంత్రమే రైసుమిల్లు డాబా మీద, చుట్టూ నీళ్ళ మధ్య, మంగాయమ్మ వరదరాజుని కంది. వరదలో పుట్టినవాడికి వేరే పేరు ఎవరికీ తోచలేదు. శవం లేదు కాబట్టి కాగితం లేదు. "మా ఆయన పేరు ఎక్కడైనా రాయండి బాబూ" అని మంగాయమ్మ ఆ ఆఫీసు చుట్టూ ఎన్నేళ్ళు తిరిగిందో. ప్రతివాడూ "ఏ తారీకున పోయాడో రుజువేది?" అనేవాడు. అదే ఆఫీసులో కొడుకు రికార్డులు చూసే ఉద్యోగంలో చేరి, ఊళ్ళో చచ్చిన ప్రతి మనిషి పేరూ రాశాడు, కన్నతండ్రి పేరు తప్ప. అది అతని గుండెలో ముల్లు.

తారీకు మాత్రం ఇంట్లో ఉంది. మంగాయమ్మకి తిథి తెలుసు. "విశ్వావసు నామ సంవత్సరం, కృష్ణాష్టమి మర్నాడు. ఇప్పుడు నడుస్తున్న విశ్వావసే, అరవై ఏళ్ళకి తిరిగొచ్చింది," అంటుంది. పాత పంచాంగం చూస్తే అది ఆగస్టు ఇరవై.

వరదరాజు జన్మలో మొదటిసారి ఒక సాహసం చేశాడు. సెలవు పెట్టి, పన్నెండు మైళ్ళ ఎగువన ఉన్న పై లాకుకి వెళ్ళి, అక్కడి బంగళా అటకెక్కి, అరవై అయిదు నాటి నీటిమట్టం రిజిస్టరు దులిపి పట్టుకొచ్చాడు. అధికారిణి ముందు ఆగస్టు పేజీ తెరిచాడు. ఆగస్టు ఇరవైకి ఎదురుగా ఇలా ఉంది: "నీటిమట్టము సాధారణము. విశేషములు లేవు."

"చూశారాండీ," అన్నాడు వరదరాజు. "ఒకటి నుంచి ముప్ఫయ్యొకటి దాకా ఒకే సిరా, ఒకే చెయ్యి, ఒకే మాట. అప్పటి లాకు సూపర్నెంటు నెల మొదట్లోనే నెలంతటికీ రాసిపారేసి ఎక్కడికో పోయాడండి. అందుకే పైనుంచి కబురు రాలేదు, గట్టు తెగింది."

నీలకంఠేశ్వరి పేజీని శ్రద్ధగా చూసింది. "చాలా విలువైన ఆధారం తెచ్చారు. ఆగస్టు ఇరవైన ఏమీ జరగలేదని ఇందులో ప్రభుత్వమే ధ్రువీకరించింది."

"కానండీ, మా అమ్మ..."

"మీ అమ్మగారు మీరు వరద రోజున పుట్టారంటున్నారు కదా?"

"అవునండి."

"మీ సర్వీసు పుస్తకంలో మీ పుట్టిన తేదీ?"

వరదరాజు తలొంచుకుని "జూలై ఒకటండి" అన్నాడు.

"మరింకేం? వరద జూలై ఒకటిన వచ్చింది. పైగా ఆ సంఘటన జరిగినప్పుడు అక్కడ ఉన్నట్లు ప్రభుత్వ రికార్డున్న ఒకే ఒక్క ఉద్యోగి మీరు. ప్రత్యక్ష సాక్షిగా సంతకం పెట్టండి."

"నేనప్పుడే పుట్టానండి. కళ్ళు కూడా తెరవలేదు."

"సంతకం ఇప్పుడు కళ్ళు తెరిచే పెడుతున్నారు కదా. అభ్యంతరమేముంది?"

వరదరాజు కాగితం తీసుకుని బయటికొచ్చాడు. కమిషనరుగారు వెనకే వచ్చి, భుజమ్మీద చెయ్యి వేసి గొంతు తగ్గించారు.

"వరదరాజూ, నువ్వు సంతకం పెట్టకపోతే నీ పుట్టిన తేదీ మీద ఎంక్వయిరీ వేస్తారు. నీదొక్కటే వెయ్యరు, జూలై ఒకటి వాళ్ళందరిదీ వేస్తారు. నాదీ జూలై ఒకటేనయ్యా. మా అమ్మ నన్ను ముక్కోటి ఏకాదశికి కన్నదట. బయటపడితే నా ఉద్యోగం, నీ ఉద్యోగం, ఊళ్ళో సగం మంది ఉద్యోగాలు పుట్టకముందు ఎక్కడుండేవో అక్కడికి పోతాయి. ఒక్క సంతకానికి మీ నాన్న పేరు రాయెక్కుతుంది. ఇంకేం కావాలి?"

వరదరాజు సంతకం పెట్టాడు. నాన్న పేరు కోసమే పెట్టానని తనకి తను చెప్పుకున్నాడు. సగం భయంతో పెట్టాడన్నది కూడా నిజమే.

ఇంటికెళ్ళి "అమ్మా, నాన్న పేరు చెక్కుతున్నారే," అన్నాడు. మంగాయమ్మ ఎనభై మూడేళ్ళ మనిషి, చెవులు బాగానే పనిచేస్తాయి, అయినా ఆ మాట మూడుసార్లు చెప్పించుకుంది. తారీకు సంగతి అతను చెప్పలేదు. ఆవిడా అడగలేదు. పేరు చెక్కేవాళ్ళు రోజు తప్పు చెక్కుతారన్న అనుమానం ఎవరికి మాత్రం వస్తుంది?

జూలై ఒకటో తారీకు రానే వచ్చింది. ఆఫీసు ముందు షామియానా, ఎనిమిదివందల పన్నెండు మందికీ సరిపడా రెండు బల్లలు కలిపి పెట్టిన కేకు, పరదా కప్పిన రాయి. నూటపదహారు సంఘటనలు, ఒక్కోదానికి ఒక్క నిమిషం. ఎప్పుడు సంతోషించాలో ఎప్పుడు విచారించాలో జనానికి తెలియడం కోసం జాన్‌పాల్ చేతికి రెండు జెండాలిచ్చారు. తెల్లది ఎత్తితే చప్పట్లు, నల్లది ఎత్తితే మౌనం.

పదిన్నరకి బస్సు రాక, తెల్ల జెండా. పదీ ముప్ఫయ్యొకటికి సినిమా హాలు ప్రారంభం, తెల్ల జెండా. పదీ ముప్ఫై రెండుకి అదే హాలు దగ్ధం, నల్ల జెండా. సర్పంచిని కోతులు కరిచిన నిమిషం దగ్గర జాన్‌పాల్‌కి ఏది ఎత్తాలో తెలియక రెండూ ఎత్తాడు. పదకొండయ్యేసరికి అతని చేతులు లాగేసి, జెండాలు తారుమారై, జనం కలరాకి చప్పట్లు కొట్టి, ఆసుపత్రికి మౌనం పాటించారు.

తర్వాత వరద. పరదా తీశారు. నల్లరాయి మీద ఇరవై ఏడు పేర్లు తళతళలాడుతున్నాయి. మృతుల కుటుంబాల తరఫున మంగాయమ్మను వేదిక మీదికి పిలిచారు. ఉతికిన నేతచీర కట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని ఎక్కింది. రాయి దగ్గరికెళ్ళి 'దంగేటి గోవిందు' అన్న అక్షరాల మీద వేళ్ళు పెట్టి తడిమింది. నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి, కూడబలుక్కుని చదివింది. కళ్ళు తుడుచుకుంది. వరదరాజుకీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అరవై ఏళ్ళ పని ఇవాళ అయింది అనుకున్నాడు.

నీలకంఠేశ్వరి మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టింది. "అమ్మా, ఈ చారిత్రక క్షణాన మీ స్పందన?"

"పేరు బాగా చెక్కేరండి. కింద ఆ తారీకు ఎవరిదండీ?"

"మీ వారిదే. జూలై ఒకటిన వారు దివంగతులైనట్లు ధ్రువీకరించడమైనది."

"ఎవరు ధ్రువీకరించేరు?"

"ప్రత్యక్ష సాక్షి. మీ అబ్బాయి."

మంగాయమ్మ కొడుకు వైపు చూసింది. వరదరాజు నేల చూపులు చూశాడు. ఆవిడ మైకుని రెండు చేతులా పట్టుకుంది.

"అయితే ఒక్క మాట చెప్పండమ్మా. మా మావ జూలై ఒకటిన పోతే, ఆ తర్వాత యాభై రోజులు నాతో కాపరం చేసినోడు ఎవడండీ?"

జాన్‌పాల్ జెండాలు రెండూ కిందపెట్టేశాడు.

"నేను మేనమామనే చేసుకున్నాను. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే, పురిటికి ఎక్కడికీ ఎల్లలేదు. ఆషాఢంలో పనసకాయి తెచ్చి కోసి ఇల్లంతా జిడ్డు చేసేడు, నేను తిట్టేను. నా కాళ్ళు నీరు పడితే రోజూ ఆవనూనె రాసేడు. పుట్టబోయే బిడ్డకి ఉయ్యాలని చెప్పి పాత పడవ చెక్క చిత్రిక పట్టేడు. అష్టమి నాడు ఉట్టి కొట్టడానికెల్లి మోచెయ్యి చీరుకొచ్చేడు, పసుపద్దేను. మర్నాడు తెల్లారి చద్దన్నం తిని గట్టు మీదికి ఎల్లేడు. అదంతా ఎవరండీ? తాళి కట్టినోడు పోయేక పరాయోణ్ణి ఇంట్లో పెట్టుకున్నానని రాతి మీద రాసేరా?"

జనంలో ముందెవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. వరదరాజు మైకు దగ్గరికొచ్చి, "నా సంతకం అబద్ధమండి. నేను వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు. ముప్ఫయ్యేళ్ళలో అతను కాదన్న మొదటి మాట అదే.

"ప్రత్యక్ష సాక్ష్యము ఉపసంహరించుకొనుటకు నిబంధనలలో అవకాశము లేదు," అంది నీలకంఠేశ్వరి. కమిషనరుగారు అలవాటు కొద్దీ "అద్భుతం మేడమ్" అని, నాలిక కరుచుకుని, కేకు కోయించేశారు.

సంగతి అక్కడితో ఆగితే అది మండలి ఎందుకవుతుంది? బహిరంగ సభలో ఒక పౌరురాలు ప్రశ్న అడిగింది, దాన్ని పరిష్కరించాలి. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. దాన్ని టైపు చేసి, నంబరు వేసి, పంపించాల్సిన పని వరదరాజుదే. తన ఇంటికి తనే పట్టుకెళ్ళాడు.

"తేది 1-7-1965న మృతి చెందినట్లు ధ్రువీకరింపబడిన శ్రీ దంగేటి గోవిందు నివాసమున, తేది 2-7-1965 మొదలు 20-8-1965 వరకు యాభై దినములు నివసించినట్లు తాము ప్రకటించిన గుర్తు తెలియని వ్యక్తి వివరములు జతపరచిన నమూనాలో పూరించి సమర్పింపవలెను. సమర్పించిన వివరములు తుది వివరములుగా స్వీకరింపబడును."

మంగాయమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. కొడుకుతో వారం నుంచి ముక్తసరిగానే మాట్లాడుతోంది. అతను చదివిన నోటీసు విని, "ఏంటంట వాళ్ళకి?" అంది.

"ఆ యాభై రోజులూ మనింట్లో ఉన్నదెవరో చెప్పాలంటమ్మా."

ఆవిడ కాసేపు గింజలు తీస్తూనే ఉంది. తర్వాత చేతులు కడుక్కొచ్చి ఎదురుగా కూచుంది. "రాసుకో," అంది.

పేరు అన్న చోట దంగేటి గోవిందు. వయసు ఇరవై ఆరు. వృత్తి లస్కరు.

"గుర్తుపట్టే ఆనవాళ్ళు."

"ఎడం చెవి కింద పుట్టుమచ్చ. నీకున్న చోటే. నడిస్తే కుడిభుజం కాస్త వాలుతాది, ఇసక మోసి మోసి. నవ్వితే చప్పుడు రాదు."

వరదరాజు కలం ఆగింది. చెవి కింద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇదెప్పుడూ చెప్పలేదేంటమ్మా నాకు?"

"నువ్వడిగేవా? ఎప్పుడూ కాగితం ఉందా, తారీకు ఉందా అనే అడిగేవోడివి. తర్వాతేంటి?"

"ఉన్న కాలములో చేసిన పనులు."

అక్కడ ఇచ్చిన జాగా రెండు గీతలే. ఆవిడ చెప్పుకుపోయింది, వరదరాజు అదనపు కాగితాలు జతచేసుకుంటూ రాసుకుపోయాడు. ఉయ్యాల చెక్క, ఆవనూనె, పనసకాయ, చిన్న గొడవలు రెండు, పెద్ద గొడవ ఒకటి, ఆ పెద్ద గొడవ తర్వాత మల్లెపూలు. మగపిల్లాడైతే బళ్ళో వేస్తానని, ఆడపిల్లైనా బళ్ళోనే వేస్తానని అన్న మాట. తండ్రి ఇలాంటి మనిషని అరవై ఏళ్ళ వయసులో, ప్రభుత్వ నమూనా పుణ్యమా అని, వరదరాజుకి తెలిసింది. అతను రాస్తూనే ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు, మధ్యమధ్య నవ్వింది కూడా.

"వెళ్ళిన తేదీ."

"ఆగస్టు ఇరవై అని నువ్వే అన్నావుగా. అదే వెయ్యి. కృష్ణాష్టమి మర్నాడని కూడా వెయ్యి."

"వెళ్ళిన కారణము."

"గట్టు తెగుతోందని. పోవద్దన్నాను. నీళ్ళు మనింటికొచ్చేలోపు వచ్చేత్తానన్నాడు."

ఆఖరి గడి చూసి వరదరాజు చదవలేకపోయాడు. ఆవిడ తొందరపెట్టింది. "ఇంకా ఏదో ఉందిగా, చదువు."

"తిరిగి వచ్చు అవకాశము ఉన్నదా, లేదా."

మంగాయమ్మ చాలాసేపు వీధి వైపు చూసింది. "చూశాను కదరా ఇన్నాళ్ళూ," అంది. "లేదని రాయి."

కాగితాలు మండలికి చేరాయి. అన్ని గళ్ళూ పూర్తిగా నిండి ఉన్నందున వివరములు తుదిగా స్వీకరించడమైనదని, ఫైలు మూసివేయడమైనదని జవాబొచ్చింది. దాన్ని వరదరాజు తన చేత్తో నంబరు వేసి భద్రపరిచాడు.

మొండేటిగట్టు రికార్డుల్లో ఇప్పుడు దంగేటి గోవిందులు ఇద్దరు. ఒకాయన జూలై ఒకటిన పోయాడు, ఆఫీసు ముందు రాయి మీద ఉన్నాడు, ఏటా ఆయనకి ఒక నిమిషం నల్ల జెండా ఎత్తుతారు. రెండో ఆయన ఎవరో గుర్తు తెలియని వ్యక్తి, ఆగస్టు ఇరవైన గట్టు మీదికి వెళ్ళాడు. తల్లీకొడుకులు తద్దినం పెట్టేది రెండో ఆయనకి.